సూది ముందా, ఎక్స్‌రే ముందా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు నిండాయి. నెలలు నిండకుండా 30వ వారంలోనే పుట్టాడు. ఏడాదిన్నర వయసులో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి) అని తేల్చారు. చేతులు ఫరవాలేదు, కాళ్లు రెండూ బిగుసుకుని ఉంటాయి. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. మాటలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. రెండేళ్ల కిందట ఫిట్స్ వస్తే వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టారు, మళ్లీ రాలేదు. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. ఈ మధ్య మావారి స్నేహితుడు ఒక ఆక్యుపంక్చర్ వైద్యుడి గురించి చెప్పారు. తలకు, కాళ్లకు సూదులు పెడితే పాడైన మెదడు కణాలు మళ్లీ పుడతాయని, 60 సిట్టింగుల్లో బాబు సొంతంగా నడుస్తాడని ఆయన అంటున్నారు. దానితోపాటు రోజూ గట్టిగా మసాజ్ చేయాలట. ఆ మూడు నెలలు ఫిజియోథెరపీ ఆపాలట, ఫిట్స్ మందు కూడా మానేయాలట. మావారు వెళ్దామంటున్నారు. నాకు మనసు రెండు విధాలుగా ఉంది. మసాజ్ అయితే మా అత్తయ్య ఎప్పటినుంచో నూనెతో చేస్తూనే ఉన్నారు. ఈ మధ్య ఎడమ కాలు పక్కకు తీస్తే ఏడుస్తున్నాడు, కుడి కాలికి అంత గొడవ లేదు. బిగుతు కదా, మెల్లగా అదే సాగుతుందిలే అంటారావిడ. ఏమి చేయమంటారు?
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం నిండా సూదులే ఉన్నాయి. నేను మాత్రం మీరు చివర్లో, మాటవరసకు రాసినట్టు రాసిన ఎడమ కాలి సంగతి దగ్గర ఆగిపోయాను. ఆక్యుపంక్చర్ గురించి తప్పకుండా చెబుతాను, మీరు అడిగింది అదే కాబట్టి. కానీ ముందు ఆ కాలి గురించి మాట్లాడుకుందాం.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి తుంటి కీలు మెల్లగా పక్కకు జరుగుతుంది. పుట్టినప్పుడు ఆ కీలు బాగానే ఉంటుంది. తొడ లోపలివైపు కండరాలు బిగుసుకుని ఏళ్ల తరబడి ఎముకను లాగుతూ ఉంటే, తొడ ఎముక తల, అది కూర్చునే తుంటి ఎముక గిన్నెలోంచి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. పిల్లవాడు వేళకు నిలబడి, నడిచి ఉంటే ఆ బరువుకు గిన్నె లోతుగా తయారయ్యేది, అది కూడా జరగదు. ఈ పిల్లల కదలికలను 1997 నుంచి ప్రపంచమంతటా అయిదు స్థాయిలుగా చూస్తున్నారు. ఏ ఆసరా లేకుండా నడిచేవారు మొదటి స్థాయి, మెడ నిలపడమే కష్టమైనవారు అయిదో స్థాయి. వాకర్‌తో నడిచే మీ బాబు బహుశా మూడో స్థాయిలో ఉంటాడు, మీ ఫిజియోథెరపిస్టును అడిగితే కచ్చితంగా చెబుతారు. మొదటి స్థాయిలో తుంటి జరగడం దాదాపు ఉండదు. మూడో స్థాయిలో నూటికి 40 మంది దాకా, అయిదో స్థాయిలో 90 మంది దాకా ఈ ఇబ్బంది కనిపిస్తుంది.

మొదట్లో ఇది నొప్పి పెట్టదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. తర్వాత ఒక కాలు రెండోదానికంటే తక్కువ తెరుచుకోవడం మొదలవుతుంది. బట్టలు మార్చేటప్పుడు, మసాజ్ చేసేటప్పుడు ఏడుస్తాడు. వెల్లకిలా పడుకోబెట్టి రెండు మోకాళ్లూ మడిస్తే ఒక మోకాలు కిందికి ఉన్నట్టు కనిపిస్తుంది. మీ బాబుకు ఇదే జరిగిందని నేను అనడం లేదు. ఉత్తరం చదివి అనే మాట కాదది. బిగుతే కావచ్చు. కానీ బిగుతా, కీలు జరిగిందా అనేది చేతితో పట్టుకుని చూసి చెప్పగలిగినవారు లేరు, ఎంత అనుభవం ఉన్నా సరే. తుంటి ఎక్స్‌రే ఒక్కటే చెబుతుంది. బాబుకు చివరిసారి తుంటి ఎక్స్‌రే ఎప్పుడు తీశారో మీ ఉత్తరంలో లేదు. ఎప్పుడూ తీయలేదేమోనని నా అనుమానం. ఈ స్థాయి పిల్లలకు ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి తీయాలి, నొప్పి ఉన్నా లేకున్నా. ఎముక తల 30 శాతానికి మించి బయటికి వస్తే ఎముకల డాక్టరుకు చూపించాలి. తొందరగా పట్టుకుంటే కొన్నిసార్లు కండరాలను వదులు చేసే చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది, ఆలస్యమైతే ఎముక కోసి సరిచేయాల్సి వస్తుంది. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి ఈ పిల్లలందరినీ ఒక పద్ధతి ప్రకారం పరీక్షిస్తూ వచ్చారు. తుంటి పూర్తిగా జారిపోవడం అక్కడ దాదాపు కనుమరుగైంది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు, వేళకు ఎక్స్‌రే తీసి, వేళకు చికిత్స చేశారంతే.

కాబట్టి ఈ వారంలోనే ఆ పని చూడండి. ఎక్స్‌రే వచ్చేదాకా ఎడమ తొడను పక్కకు సాగదీయడం ఎవరూ చేయకూడదు. అత్తయ్యగారూ వద్దు, 60 సిట్టింగుల ఆయన అంతకన్నా వద్దు.

రెండో విషయం ఫిట్స్ మందు. ఇందులో నాకు సందేహం లేదు, మీకూ ఉండకూడదు. వాల్‌ప్రోయేట్ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరిగి రావచ్చు, వచ్చినవి ఆగకుండా గంటల తరబడి సాగవచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. ఉన్న మెదడు కణాలకే అది చేటు. రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిస్తే మందు తగ్గించే ఆలోచన నరాల డాక్టర్లు కూడా చేస్తారు, మీ బాబుకు ఆ సమయం దగ్గర పడింది కూడా. అయితే ఈ పిల్లల్లో మందు ఆపాక ఫిట్స్ తిరగబెట్టే అవకాశం మిగతా పిల్లలకంటే ఎక్కువ. అందుకే పరీక్షలు చూసి, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఆ మాట మందు రాసిన డాక్టరుతోనే మాట్లాడండి. వేరే వైద్యం చేసేవారు ఎవరైనా సరే, ముందు మీ డాక్టరు ఇచ్చిన మందు మానేయమన్నారంటే ఆ గదిలోంచి లేచి వచ్చేయడానికి ఆ ఒక్క మాట చాలు. మిగతాది వినాల్సిన పని లేదు.

ఇక సూదుల దగ్గరికి వద్దాం.

ఆక్యుపంక్చర్ చైనాలో పుట్టిన పాత వైద్యం. అక్కడి ఆసుపత్రుల్లో సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఫిజియోథెరపీతోపాటు సూదులు కూడా పెడతారు. తల మీది చర్మంలో పెట్టే పద్ధతి కూడా ఉంది, మీకు చెప్పినది అదే అయి ఉంటుంది. దీని మీద పరిశోధనలు లేకపోలేదు, చాలానే వచ్చాయి. వాటిలో చాలావరకు సూదులు కలిపిన పిల్లల్లో కదలికలు కాస్త ఎక్కువ మెరుగుపడ్డాయనే చెబుతాయి. మరి అభ్యంతరం ఏమిటంటారా? వాటిని జల్లెడ పట్టి చూసినవారికి కనిపించేది ఇది: చాలా పరిశోధనల్లో పిల్లలు తక్కువ. ఎవరికి సూదులు పెట్టారో తల్లిదండ్రులకు తెలుసు, కొలిచేవారికీ చాలాసార్లు తెలుసు. ఒక గుంపుకు ఫిజియోథెరపీ ఒక్కటే, రెండో గుంపుకు ఫిజియోథెరపీతోపాటు అదనంగా సూదులు, అదనపు సమయం, అదనపు శ్రద్ధ. ఫలితం బాగుంటే అది సూది గొప్పతనమా, ఆ అదనపు శ్రద్ధ ఫలమా? విడదీసి చెప్పడం కష్టం. విడదీయడానికి మొన లేని ఉత్తుత్తి సూదులు కూడా తయారుచేశారు. ఆనించి నొక్కితే సూది పిడిలోకి ముడుచుకుపోతుంది, చర్మంలో దిగదు, కానీ దిగినట్టే ఉంటుంది. అలాంటి సూదులతో పోల్చి, పెద్ద సంఖ్యలో పిల్లల మీద జాగ్రత్తగా చేసిన పరీక్షలు ఈ విషయంలో చాలా అరుదు.

ఒకటి గమనించారా? ఆ పరిశోధనల్లో చాలావరకు సూదులను ఫిజియోథెరపీకి కలిపి చేసినవి. ఫిజియోథెరపీ ఆపేసి సూదులు పెట్టమని వాటిలో లేదు. అంటే మీకు చెప్పిన పద్ధతికి ఆ వైద్యం పుట్టిన చోటి పరిశోధనలే ఆధారం ఇవ్వడం లేదు.

శ్రద్ధ ఒక్కటే అంత పని చేస్తుందా అని మీవారిలాంటి వారు అడుగుతారని మీరు అనుకోవచ్చు. దానికి నా దగ్గర ఒక మంచి ఉదాహరణ ఉంది, సూదులది కాదు, ఆక్సిజన్‌ది. ఒకప్పుడు ఎక్కువ పీడనం ఉన్న గదిలో కూర్చోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సెరిబ్రల్ పాల్సీ తగ్గుతుందని గట్టిగా ప్రచారం జరిగింది. ఎంతోమంది తల్లిదండ్రులు కళ్లారా చూశామన్నారు. కెనడాలో 111 మంది పిల్లలను తీసుకుని, సగం మందికి అసలైన ఆక్సిజన్ చికిత్స, మిగతా సగానికి కాస్త పీడనంతో మామూలు గాలి ఇచ్చారు. రెండు నెలల్లో 40 సార్లు. ఎవరికి ఏది ఇస్తున్నారో పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. 2001లో ఫలితాలు బయటికి వచ్చాయి. ఆక్సిజన్ తీసుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. మామూలు గాలి పీల్చిన పిల్లలు కూడా సరిగ్గా అంతే మెరుగుపడ్డారు! ఆ తల్లిదండ్రులెవరూ అబద్ధం చెప్పలేదు. పిల్లలు నిజంగానే మెరుగయ్యారు. రోజూ అమ్మానాన్నలతో గంటలకొద్దీ గడపడం, ఇంట్లో అందరిలో ఆశ, మిగతా పిల్లల తోడు, వయసుతో వచ్చే ఎదుగుదల, అన్నీ కలిసి ఆ పని చేసి ఉంటాయి. గొప్ప మాత్రం ఆక్సిజన్‌కు దక్కింది.

వయసుతో వచ్చే ఎదుగుదల అన్నాను. అది చిన్న విషయం కాదు. కెనడాలోనే 657 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2002లో ప్రకటించిన లెక్క ఇది: కూర్చోవడం, నిలబడడం, నడవడం వంటి పెద్ద కదలికల్లో ఒక పిల్లవాడు చేరుకోగలిగిన స్థాయిలో దాదాపు 90 శాతం అయిదేళ్లు వచ్చేలోపే చేరుకుంటాడు. మీ బాబుకు నాలుగేళ్లు. అతనికిది ఎదిగే వయసు. ఈ మూడు నెలల్లో ఏమి చేసినా, ఏమీ చేయకున్నా ఎంతో కొంత మార్పు కనబడుతుంది. అప్పుడు ఎవరి వాకిట్లో ఉంటే వారే ఆ మార్పు తమదంటారు.

‘మెదడు కణాలు మళ్లీ పుడతాయి’ అనే మాట మాత్రం నన్ను నిజంగా చికాకు పెట్టింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, కాళ్లను నడిపే నరాల దారులు మెదడు లోపలి భాగంలో దెబ్బతిని ఉంటాయి. ఆ దెబ్బ పెరగదు, అలాగని పూడిపోదు కూడా. చర్మంలో గుచ్చిన సూది ఆ కణాలను తిరిగి పుట్టించదు. మెదడుకు ఇంకో గుణం ఉంది, మిగిలిన దారులను వాడుతూ వాడుతూ బలపరుచుకుంటుంది. అయితే ఆ ‘వాడడం’ పిల్లవాడే చేయాలి. మనం కాలు ఎత్తి దించితే అది మన మెదడుకు అభ్యాసం, వాడి మెదడుకు కాదు. వాడికి ఇష్టమైన బొమ్మ కోసం వాడు ఒరిగి, తడబడి, ఇంకోసారి ప్రయత్నించి అందుకుంటే అది వాడి మెదడుకు అభ్యాసం.

అందుకే ఈ రంగంలో చికిత్సలన్నింటినీ పోల్చి చూసినవారు, బల్ల మీద పడుకోబెట్టి మరొకరు చేసే చికిత్సలకు తక్కువ మార్కులు, పిల్లవాడు ఒక పని సాధించాలని పూనుకుని తానే చేసే సాధనకు ఎక్కువ మార్కులు వేస్తున్నారు. మెట్టు ఎక్కడం, కుర్చీలోంచి లేవడం, చెప్పు వేసుకోవడం వంటి ఒక్కొక్క పనిని లక్ష్యంగా పెట్టుకుని చేసే శిక్షణ. ఇంట్లో తల్లిదండ్రులతో రోజూ చేయించే సాధన. బిగుతు మరీ ఎక్కువైన కండరానికి బొట్యులినం ఇంజక్షన్, పిక్క కండరం పొట్టిదైపోతుంటే వరసగా వేసే కట్లు, నేనింతసేపు చెప్పిన తుంటి పరీక్షలు. వీటికి గట్టి ఆధారం ఉంది. నేను ఇరవై ఏళ్లుగా ఈ పిల్లలతో పనిచేస్తున్నాను. తల్లిదండ్రుల దగ్గర తక్కువగా ఉండేది డబ్బు అనుకునేదాన్ని మొదట్లో. కాదు, పిల్లవాడి రోజులో గంటలు. నిద్ర, తిండి, బడి, ఆట పోను నాలుగేళ్ల పిల్లవాడికి మిగిలేది ఎంత? అందులో రాకపోకలతో కలిపి రోజుకు రెండు గంటలు సూదుల కోసం పోతే, ఆ రెండు గంటలు దేని నుంచి తీసుకున్నారన్నదే అసలు లెక్క.

మసాజ్ సంగతి వేరు. దానికి నేను అనుకూలం. అయితే దాన్ని దేనికోసం చేస్తున్నామో తెలిసి చేయాలి. మసాజ్ వల్ల నడక రాదు. బిగుతు కాసేపు తగ్గుతుంది, కొన్ని గంటల్లో మళ్లీ మొదటికి వస్తుంది. కానీ సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో నలుగురిలో ముగ్గురు ఏదో ఒక నొప్పితో బతుకుతుంటారు. అయిదుగురిలో ఒకరికి నిద్ర సమస్య ఉంటుంది. మలబద్ధకం సరేసరి. మాట రాని పిల్లవాడు ఇవి చెప్పలేడు, చిరాకు పడతాడు, అంతే. నెమ్మదైన మసాజ్ ఇక్కడ పనికొస్తుంది. నిద్ర, నొప్పి, మలబద్ధకం విషయంలో చిన్న చిన్న పరిశోధనలు కూడా మంచి ఫలితాలే చూపించాయి. పైగా మీ చేతులకు బాబు ఒళ్లు తెలుస్తుంది. ఎడమ కాలు ఏడిపిస్తోందని కనిపెట్టింది ఏ స్కానింగూ కాదు, అత్తయ్యగారి చేతులే.

‘గట్టిగా’ అనే మాట ఒక్కటి తీసేయండి. చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి ఆరేళ్ల పాపను తీసుకొచ్చారు. నడవదు, మాటలు లేవు. రెండు రోజులుగా అదే పనిగా ఏడుస్తోందని, పళ్లు వస్తున్నాయేమోనని అన్నారు. బట్ట తొలగించి చూస్తే మోకాలికి కాస్త పైన తొడ వాచి, వెచ్చగా ఉంది. ఎముక విరిగింది. పడలేదు, ఎవరూ కొట్టలేదు. మసాజ్ చేసే మనిషి ఒకరు మోకాలు తిన్నగా చేయాలని బలంగా నొక్కారు. కాళ్ల మీద బరువు వేసి నిలబడని పిల్లల ఎముకలు పలచబడతాయి, కొన్ని ఫిట్స్ మందులు ఏళ్ల తరబడి వాడినా ఎముకలు బలహీనపడతాయి. మీ బాబు వాడే మందు కూడా వాటిలో ఒకటి. ఆ పాప తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ ఆ రెండు రోజులూ అదే కాలికి నూనె రాస్తూ కూర్చుంది.

బిగుసుకున్న కండరానికి ఒక స్వభావం ఉంది. వేగంగా లాగితే అంత వేగంగా ఎదురు తిరుగుతుంది, నెమ్మదిగా వెళితే దారి ఇస్తుంది. పాదాన్ని చటుక్కున పైకి నెడితే టకటకా కొట్టుకోవడం మీరు చూసే ఉంటారు. కొందరు దాన్ని ఫిట్స్ అనుకుని హడలిపోతారు. అది ఫిట్స్ కాదు, కండరం ఎదురు తిరగడమే.

కుడి పిక్కతో మొదలుపెట్టండి. బాబును వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టండి, మోకాళ్లు కొద్దిగా వంగి ఉండాలి. మీ చేతులు వెచ్చగా ఉండాలి, చల్లటి చేయి తగిలితే బిగుసుకుంటాడు. ఒక అరచేతిలో పిక్క మొత్తాన్ని పట్టుకోండి, రెండో అరచేతిలో మడమ. ఏమీ చేయకుండా పది లెక్కపెట్టండి. మొదటి రోజుల్లో ఈ పది లెక్కపెట్టడమే కష్టం, చేతులు ఊరుకోవు. తర్వాత చీలమండ నుంచి మోకాలి వైపు అరచేతి వెడల్పుతో, వేళ్ల కొనలతో పొడవకుండా, నెమ్మదిగా పైకి రాయండి. నాలుగైదుసార్లకు పిక్క మెత్తబడడం చేతికి తెలుస్తుంది, ముడుచుకున్న కాలివేళ్లు విచ్చుకుంటాయి. అప్పుడు పాదాన్ని పైకి తేవాలంటే వేళ్ల దగ్గర పట్టి నెట్టకండి, అలా చేస్తే పాదం నడిమధ్య వంగిపోతుంది, మడమ దిగదు. మడమను కిందికి లాగండి, మీ ముంజేతి మీద అరికాలు ఆనుకుని దానంతట అదే పైకి వస్తుంది. కడుపు మీద అయితే బాబు కుడివైపు కింద మొదలుపెట్టి పైకి, అడ్డంగా, ఎడమవైపు కిందికి గుండ్రంగా రాయాలి. పేగులో మలం నడిచే దారి అదే. తిన్న వెంటనే వద్దు. నూనె చర్మం మీదే ఉండాలి, ముక్కులో, నోట్లో చుక్క కూడా పోయకూడదు. మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లల్లో అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. జ్వరం ఉన్నరోజు, ఎక్కడైనా కొత్తగా వాపో ఎరుపో కనిపించినరోజు మసాజ్ మానేసి డాక్టరుకు చూపించండి.

ఇరవై నిమిషాలు చాలు. అయిపోగానే వాడిని అలా వదిలేయకండి. కండరం మెత్తగా ఉన్న ఆ కొద్దిసేపే విలువైనది. స్ప్లింట్లు (కాలిని తిన్నగా పట్టి ఉంచే పట్టీలు) తొడిగి బల్ల దగ్గర నిలబెట్టి బొమ్మలతో ఆడించండి. చేత్తో అరనిమిషం సాగదీసినంత మాత్రాన కండరం పొడవు పెరగదు, స్ప్లింట్‌తో గంటలకొద్దీ నిలిపి ఉంచినప్పుడు, నిలబడి బరువు మోసినప్పుడు మాత్రం ప్రయోజనం ఉంటుంది. పగలు మసాజ్ అయితే దాని తర్వాత ఆట, రాత్రి మసాజ్ అయితే దాని తర్వాత నిద్ర, మీ వీలు.

ఇంతా విన్నాక కూడా మీవారు ఆక్యుపంక్చర్ ఒకసారి చూద్దామనే అంటారనుకోండి. నేను కాళ్లు అడ్డం పెట్టను. శిక్షణ ఉన్న మనిషి చేస్తే దాని వల్ల పెద్ద ప్రమాదాలు అరుదు. మామూలుగా కాస్త రక్తం రావడం, కమిలిపోవడం అంతే. కానీ ఈ ఆయన దగ్గర వద్దు. నడక ఖాయమని మాట ఇచ్చేవారి దగ్గర, మందు మాన్పించేవారి దగ్గర వద్దు. పిల్లలకు చేసి అలవాటున్న, మీ డాక్టరుతో ఫోనులో మాట్లాడడానికి వెనకాడని మనిషిని వెతకండి. సూదులు మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్టులోంచి తీయాలి, ఒకసారి వాడినది పారేయాలి. ఎన్ని పెట్టారో మీరు వేళ్ల మీద లెక్కపెట్టండి, ఎన్ని తీశారో కూడా లెక్కపెట్టండి. వింతగా అనిపించవచ్చు, కానీ కదిలే పిల్లవాడి బట్టల్లో సూది మిగిలిపోవడం జరగని పని కాదు. ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా పెట్టనివ్వకండి, ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం అక్కడే. వాల్‌ప్రోయేట్ వల్ల కొందరిలో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించండి. ఫిట్స్ వచ్చిన పిల్లవాడు కాబట్టి సూదులకు కరెంటు పెట్టే పద్ధతి వద్దు. సూది చోట మందు ఇంజక్షన్లు ఇస్తామన్నా, మూలికలు కాల్చి వేడి పెడతామన్నా వద్దు. కాలినా చెప్పలేని పిల్లలు వీళ్లు. బాబు భయంతో ఏడుస్తూ ఒళ్లంతా బిగిస్తుంటే ఆ రోజుకు ఆపేయండి. బిగుతు తగ్గించడానికి తీసుకెళ్లి బిగుతు పెంచి తీసుకురావడం ఎందుకు?

ఫిజియోథెరపీ ఆపకూడదు. మొదలుపెట్టే ముందు ఒకే ఒక్క లక్ష్యం కాగితం మీద రాసుకోండి, ‘నడవాలి’ అని కాకుండా కొలవగలిగేది. ఉదాహరణకు, బల్ల పట్టుకుని ఎవరి సాయం లేకుండా రెండు నిమిషాలు నిలబడడం. ఆ పని చేస్తుండగా ఫోనులో వీడియో తీయండి. ఎనిమిది వారాల తర్వాత అదే బల్ల దగ్గర, అవే బట్టల్లో, అదే పొద్దులో ఇంకొకటి తీయండి. ఏది ముందుదో ఏది తర్వాతదో చెప్పకుండా రెండింటినీ బాబు గురించి తెలియని వేరొక ఫిజియోథెరపిస్టుకు చూపించి, దేనిలో బాగున్నాడని అడగండి. ఆమె తేడా చెప్పలేకపోతే ఆ వైద్యానికి మీరు ఇవ్వాల్సిన సమయం ఇచ్చేసినట్టే. తేడా చెప్పినా అది సూది వల్లనే అని రుజువు కాదు, పైన చెప్పిన ఎదుగుదల ఉండనే ఉంది. కానీ ఆశతో చూసే మన కళ్ల కంటే ఆమె కళ్లు నయం. మీవారికి ఈ పద్ధతి నచ్చుతుందనుకుంటాను, ఎవరి మాటా కాదనకుండా తేల్చేది కాబట్టి.

ఇవన్నీ ఎక్స్‌రే తర్వాతి మాటలు. అది తీయించేటప్పుడు బాబును వెల్లకిలా తిన్నగా పడుకోబెట్టాలి, మోకాలి చిప్పలు రెండూ పైకి చూస్తూ ఉండాలి, కాళ్లు వంకరగా ఉంటే కొలత తప్పు వస్తుంది. ‘రెండు తుంట్లూ ఒకే చిత్రంలో రావాలి, ఎముక తల ఎంత శాతం బయటికి ఉందో కొలిచి రాయండి’ అని అడగండి. ‘నార్మల్’ అని ఒక్క మాట రాసి ఇస్తే తీసుకోకండి. ఆ అంకె ఒక పుస్తకంలో తేదీతో రాసిపెట్టుకోండి, ఏడాది తర్వాత తీసినదానితో పోల్చాలి.

అత్తయ్యగారికి చెప్పండి, మసాజ్ మానమని కాదు. కుడి కాలు, రెండు పాదాలు, వీపు, చేతులు, కడుపు ఎప్పటిలాగే చేయవచ్చు. ఎడమ తొడ మీద చేయి ఊరికే ఉంచితే చాలు, పక్కకు తెరవకుండా. ఎక్స్‌రేలో ఏ అంకె వచ్చిందో నాకు రాయండి.